ఐసు బాకీల లెక్కల్లో హైబర్నేట్, జూక్: వాడి చూశాక నా అంచనా

విశాఖపట్నం చేపల రేవులో మరబోట్లకు ఐసు, డీజిలు అరువు మీద ఇచ్చే ఒక వ్యాపారి లెక్కల ప్రోగ్రామును మద్దిలపాలెంలోని మా చిన్న కార్యాలయం కొన్నేళ్లుగా చూసుకుంటోంది. బోటు వేటకు బయలుదేరేటప్పుడు తీసుకున్న ఐసు, డీజిలు పద్దులో రాస్తారు. తిరిగొచ్చి చేప అమ్ముడుపోయాక యజమాని కొంత జమ చేస్తాడు. మిగిలింది బాకీగా తర్వాతి ట్రిప్పు మీదికి వెళుతుంది. ఈ ప్రోగ్రామును మొదట జావా భాషలో, స్ప్రింగ్ బూట్ అనే చట్రం మీద, జావాకూ డేటాబేస్‌కూ మధ్య నిలిచే హైబర్నేట్ అనే పరికరం సాయంతో రాశాం, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కనుక, ప్రోగ్రామును విప్పి బాగుచేసుకోవడానికి మాకు దొరికే తీరిక అదొక్కటే. కిందటి నిషేధ కాలంలో నివేదికల భాగం మొత్తాన్ని జూక్ అనే పరికరం మీదికి మార్చాం. రెండింటినీ ఒకే ప్రోగ్రాములో, ఒకే డేటాబేస్ మీద వాడుతున్నాం కనుక వాటిని పక్కపక్కన పెట్టి చెప్పే వీలు కలిగింది.

ఈ పరికరాలు ఎందుకు పుట్టాయో రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో సమాచారమంతా పట్టికల్లో, వరుసల్లో ఉంటుంది. జావా వంటి భాషల్లో అదే సమాచారం ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే ఆబ్జెక్టుల రూపంలో ఉంటుంది. ఈ రెండు రూపాల మధ్య అటూ ఇటూ మార్చే చాకిరీని తగ్గించడానికి గావిన్ కింగ్ 2001లో హైబర్నేట్‌ను మొదలుపెట్టాడు. 2006లో వచ్చిన జేపీఏ ప్రమాణం (జావాలో ఇలాంటి పరికరాలు పాటించే ఉమ్మడి నియమాలు) చాలావరకు దాని అడుగుజాడల్లోనే తయారైంది. లూకాస్ ఎడర్ రూపొందించిన జూక్ దారి వేరు. డేటాబేస్‌తో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్‌ను అది దాచదు. డేటాబేస్‌లో ఉన్న పట్టికలను చదివి, వాటికి సరిపోయే జావా క్లాసులను (ఆబ్జెక్టుల అచ్చులను) తానే రాసిపెట్టి, ఆ క్లాసులతో ఎస్‌క్యూఎల్‌నే జావాలో రాయమంటుంది.

ముందు హైబర్నేట్ మంచితనం చెప్పాలి, ఎందుకంటే దాన్ని తిట్టేవారిలో చాలామంది దాని చేత చేయించకూడని పని చేయించి తిడుతున్నారని నా అభిప్రాయం. మా బిల్లు తెరలో ఒక ట్రిప్పుకు పది పన్నెండు వరుసలు ఉంటాయి: ఐసు దిమ్మలు, డీజిలు, ఉప్పు, తాళ్లు. గుమాస్తా ఒక వరుసలో పరిమాణం దిద్దుతాడు, ఒకటి తీసేస్తాడు, కొత్తది ఒకటి చేరుస్తాడు, ఆ తర్వాతే సేవ్ నొక్కుతాడు. ఏ వరుస మారిందో, ఏది పోయిందో, ఏది కొత్తదో హైబర్నేట్ తానే పోల్చి చూసుకుని, అవసరమైన మూడు ఆదేశాలు మాత్రమే డేటాబేస్‌కు పంపుతుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకే బిల్లును ఒకేసారి తెరిచి దిద్దితే, వెర్షన్ కాలమ్ ఒకటి పెట్టుకున్నామంటే చాలు, రెండోవాడి మార్పు మొదటివాడి మార్పును చెరిపేయకుండా ఆపుతుంది. ఈ పనిని చేత్తో రాసి చూసినవారికే దాని విలువ తెలుస్తుంది. నేను రాశాను, రెండు వారాలు పట్టింది, ఆ తర్వాత కూడా తప్పులు మిగిలాయి.

చిక్కంతా చదివేటప్పుడు మొదలవుతుంది. బాకీల జాబితా తెర నెమ్మదిగా వస్తోందని వ్యాపారి పలుమార్లు చెప్పగా, ఒకరోజు క్వెరీలు, అంటే డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నలు, నమోదయ్యే లాగు తెరిచి చూశాను. 212 బోట్ల జాబితా చూపడానికి 213 క్వెరీలు వెళుతున్నాయి: బోట్లను తెచ్చేది ఒకటి, ఆపై ఒక్కో బోటు ట్రిప్పులను తెచ్చేవి ఒక్కొక్కటి. దీనికి ఎన్ ప్లస్ వన్ అని పేరుంది, ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన జబ్బే. తెలిసి కూడా మేం ఇన్నేళ్లు పట్టించుకోకపోవడానికి కారణం ఒకటుంది. స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్ ఇన్ వ్యూ అనే అమరిక మనం మార్చకపోతే తెరిచే ఉంటుంది, కనుక తెరను గీసే దశలో కూడా హైబర్నేట్ వెనక నుంచి క్వెరీలు పంపుతూనే ఉంటుంది. తప్పు తప్పుగా కనిపించదు, నెమ్మదిగా మాత్రమే కనిపిస్తుంది. ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ ఈ సంగతిని లాగులో హెచ్చరికగా రాస్తుంది కూడా. ఆ వరుసను మాలో ఎవరం చదవలేదు.

మందు లేదని కాదు. జాయిన్ ఫెచ్ అని రాస్తే బోట్లూ ట్రిప్పులూ ఒకే క్వెరీలో వస్తాయి. అయితే దానికి తోడు పేజీకి ఇరవై చొప్పున చూపమంటే, హైబర్నేట్ వరుసలన్నింటినీ మెమరీలోకి లాక్కుని అక్కడ ఇరవై ఏరుతుంది. అలా చేస్తున్నానని లాగులో ఒక హెచ్చరిక పడేస్తుంది. బోటు కింద ట్రిప్పులను, జమలను రెండింటినీ మామూలు లిస్టులుగా పెట్టుకుని ఒకేసారి తెమ్మంటే ససేమిరా అని ఎర్రర్ ఇస్తుంది. ప్రతి చిక్కుకూ విడుపు ఉంది, ప్రతి విడుపునూ గుర్తుపెట్టుకోవాలి. కొత్తగా చేరిన కుర్రవాడికి ఇవన్నీ నేర్పేసరికి ఒక వేట కాలం గడిచిపోతుంది.

వేగం కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి: పట్టిక ముందా, క్లాసు ముందా అన్న ప్రశ్న. హైబర్నేట్‌లో మనం క్లాసు రాసి, పట్టిక ఇలా ఉంటుందని దానికి చెబుతాం. మన మాట నిజమో కాదో, వాలిడేట్ అనే అమరిక పెట్టనంతవరకు, అది తనంతట తాను సరిచూడదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు ఉమ్మడి విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయింది. పూడిమడకకు చెందిన బోటు యజమానులు ఆ రోజుతో అనకాపల్లి జిల్లావారయ్యారు. అప్పటిదాకా జిల్లా పేరును ఉత్త అక్షరాలుగా దాచుకున్న మేం జిల్లాలకు వేరే పట్టిక పెట్టి, పాత కాలమ్ తీసేసి, ఆ పట్టికకు జోడైన ఎంటిటీ క్లాసును దిద్దుకున్నాం. ప్రోగ్రాము చక్కగా మొదలైంది. నెలాఖరున నివేదిక తీయబోతే రెండుచోట్ల కూలిపోయింది, ఎందుకంటే ఆ రెండుచోట్లా మేం కొటేషన్ల మధ్య నేరుగా ఎస్‌క్యూఎల్‌లో రాసుకున్న నేటివ్ క్వెరీల్లో పాత కాలమ్ పేరు అలాగే ఉండిపోయింది. కొటేషన్ల మధ్య ఉన్నది, కోడ్‌ను సరిచూసి యంత్రానికి అనువుగా మార్చే కంపైలర్‌కు ఉత్త మాటల మూట. అందులో ఏముందో అది చూడదు.

జూక్‌లో వరుస తలకిందులవుతుంది. పట్టికల మార్పులను వరుసగా అమలుచేసే ఫ్లైవే అనే పరికరం స్క్రిప్టులతో పట్టికలను డేటాబేస్‌లో కట్టుకుంటాం. బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా కూర్చే పని) జరిగేటప్పుడు జూక్ జనరేటర్ ఆ డేటాబేస్‌ను చదివి ఒక్కో పట్టికకు ఒక్కో క్లాసు, ఒక్కో కాలమ్‌కు దాని రకంతో సహా ఒక్కో ఫీల్డు రాసిపెడుతుంది. కిందటి నిషేధ కాలంలో బోటు పట్టికలోని ఫోన్ నంబరు కాలమ్‌ను తీసేసి వేరే పట్టికకు మార్చినప్పుడు, బిల్డ్ నొక్కగానే పదకొండు చోట్ల ఎర్ర గీతలు పడ్డాయి. పదకొండూ ఆ మధ్యాహ్నమే దిద్దుకున్నాం, నెలాఖరుదాకా ఎదురుచూడలేదు. నా దృష్టిలో జూక్‌కు పెట్టే శ్రమంతా ఈ ఒక్క గుణంతోనే గిట్టుబాటవుతుంది.

దానితోపాటు అనుకోని లాభం ఒకటి కలిగింది. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్‌లకు వ్యాఖ్యలు రాసుకోవచ్చు. జూక్ ఆ వ్యాఖ్యలను తాను రాసే క్లాసుల్లోకి కూడా తెస్తుంది. మేం వాటిని తెలుగులో రాశాం: ‘ఇది దిమ్మల లెక్క, కిలోలు కాదు’, ‘పాత బాకీ కలపని మొత్తం’ అని. ఎడిటర్‌లో ఆ ఫీల్డు మీద మౌస్ పెట్టగానే ఆ మాటలు కనబడతాయి. వ్యాపారి నోట విన్న మాట డేటాబేస్ గుండా వచ్చి ప్రోగ్రామర్ కళ్ల ముందు నిలబడడం నాకు చాలా నచ్చింది. విండోస్ కంప్యూటర్లలో పాత జావా వాడేవారు బిల్డ్ ఫైలులో అక్షరాల సంకేత పద్ధతి యూటీఎఫ్-8 అని తప్పక పేర్కొనాలి, లేకపోతే తెలుగు చెడిపోతుంది. 2022లో వచ్చిన జావా 18 నుంచి అదే సహజమైన అమరిక అయింది.

నివేదికల సంగతికి వస్తే, బోటువారీగా తేదీ వరుసలో నడిచే బాకీ చూపాలంటే ఎస్‌క్యూఎల్ విండో ఫంక్షన్ (వరుసలను కలిపేయకుండానే వాటి మీదుగా లెక్కగట్టేది) ఒక్కటి చాలు. జూక్‌లో దాన్ని పట్టికల పేర్లు, కాలమ్‌ల పేర్లు కంపైలర్ పరీక్షకు నిలిచే విధంగా రాయవచ్చు. నిజాయితీగా చెప్పాలంటే, ఆరో తరం హైబర్నేట్ తన సొంత క్వెరీ భాషలో కూడా విండో ఫంక్షన్లను తెచ్చింది. కాకపోతే అది కూడా కొటేషన్ల మధ్య మాటల మూటే. 2021లో వచ్చిన జూక్ 3.15లో మల్టీసెట్ అనే సౌకర్యం చేరింది. దానితో ఒక బోటును, దాని కింద ట్రిప్పులను, మరోపక్క జమలను వరుసలు గుణించుకుపోకుండా ఒకే క్వెరీలో తెచ్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో అది లోపల జేసన్ అనే పాఠ్య రూపంలో పోగుచేసి తెస్తుంది. 213 క్వెరీల తెర ఇప్పుడు ఒక్క క్వెరీతో వస్తోంది. ఆ క్వెరీని మొదటిసారి చదివేవారికి మాత్రం తల తిరుగుతుంది, బ్రాకెట్లు లెక్కపెట్టుకోవడం తప్పదు.

లోపాలు కూడా తక్కువేమీ కావు. పైన చెప్పిన బిల్లు తెరను జూక్‌తో రాయబోయి విరమించుకున్నాను; ఏ వరుస మారిందో పోల్చుకునే పని మొత్తం మన నెత్తిన పడుతుంది. మేం ఎంచుకున్న పద్ధతిలో, బిల్డ్ జరిగే ప్రతి కంప్యూటర్‌లోనూ జనరేటర్ చదవడానికి ఒక డేటాబేస్ నడుస్తూ ఉండాలి. మేం డాకర్‌లో (ప్రోగ్రాములను విడిగా ఒక పెట్టెలో నడిపే పరికరంలో) తాత్కాలికంగా పోస్ట్‌గ్రెస్ లేపి, ఫ్లైవే నడిపి, ఆ తర్వాత జనరేటర్ నడుపుతున్నాం. మెమరీ తక్కువున్న పాత ల్యాప్‌టాప్‌ల మీద ఇది టీ తాగి వచ్చేంత సమయం తీసుకుంటుంది. రాసిపెట్టిన క్లాసులను గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచేచోట) ఉంచాలా వద్దా అన్న వాదన మా దగ్గర ఇంకా తెగలేదు. మా కుర్రవాడొకడు ఆ క్లాసుల్లో ఒకదాన్ని చేత్తో దిద్ది, మరుసటి బిల్డ్‌లో అది తుడిచిపెట్టుకుపోయాక వచ్చి అడిగాడు. ఆ ఫోల్డరు మనది కాదని మొదటిరోజే చెప్పి ఉండాల్సింది, తప్పు నాది. ఇక లైసెన్సు: పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లతో జూక్ ఉచితం, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారు డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. మా మరో గిరాకీ ఒరాకిల్ మీద ఉన్నందున అక్కడ దీన్ని ప్రతిపాదించలేదు.

రెండింటినీ కలిపి వాడేవారికి ఒక హెచ్చరిక. హైబర్నేట్ మార్పులను వెంటనే డేటాబేస్‌కు పంపదు, కొంతసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది. అదే ట్రాన్సాక్షన్‌లో (ఒకే మూటగా జరిగే పనుల్లో) జూక్ క్వెరీ వేస్తే దానికి ఆ మార్పులు కనబడవు. జమ రాసిన వెంటనే రశీదు ముద్రించే చోట మేం ఇక్కడే దెబ్బతిన్నాం: డబ్బు కట్టిన యజమాని చేతికి పాత బాకీతో రశీదు వచ్చింది, ఆయన కౌంటరు దగ్గరే గట్టిగా అడిగాడు. జూక్ క్వెరీకి ముందు ఫ్లష్ అని, దగ్గరుంచుకున్న మార్పులను పంపేయమనే ఒక్క వరుస చేర్చడంతో సరిపోయింది, కానీ ఆ ఒక్క వరుస ఎక్కడ కావాలో ఏ పరికరమూ మనకు చెప్పదు.

జావా కాకుండా గో భాషలో రాసేవారు ఎస్‌క్యూఎల్‌సీని చూడవచ్చు. అక్కడ క్వెరీని మామూలు ఎస్‌క్యూఎల్‌లోనే రాస్తే కోడ్‌ను అది తయారుచేస్తుంది. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాములకు హైబర్నేట్ వంటిదే అయిన జాంగో ఓఆర్ఎం చాలు, అక్కడ ఇంత ఆలోచన అక్కర్లేదు. డేటాబేస్ కొత్తది, దాన్ని వాడేది ఒక్క ప్రోగ్రామే, తెరలన్నీ నమోదుకు సంబంధించినవే అయితే హైబర్నేట్ ఒక్కటే పెట్టుకోమంటాను. మా వ్యాపారి డేటాబేస్‌ను ఆడిటర్ ఎక్సెల్ నుంచి నేరుగా చదువుతాడు, మేం రాసిన ప్రోగ్రాము పోయినా ఆ పట్టికలు ఉంటాయి; అటువంటి చోట పట్టికను పెద్దగా నిలబెట్టి కోడ్‌ను దాని మాట వినేలా చేసే జూక్‌కే నా ఓటు. వచ్చే నిషేధ కాలానికి డీజిలు నిల్వల నివేదిక ఒక్కటి మార్చడానికి మిగిలింది; బిల్లు తెర జోలికి మాత్రం వెళ్లం.