ఏడాదిన్నరగా మా ఆఫీసు గోడ మీదున్న తెల్లబోర్డు, వాడి చూసి చెబుతున్నా

ముందే చెప్పేస్తా, ఇది యాప్ గురించి కాదు. ఏ ఇంటి పని ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోడానికి 3,500 పెట్టి ట్రంక్ రోడ్డులో కొన్న ఆరడుగుల తెల్లబోర్డు గురించి.

మేం నెల్లూరులో ఇళ్ల మీద సోలార్ పెడతాం, నాతో కలిపి తొమ్మిది మందిమి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చి, 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అనేసరికి ఇక ఫోన్లు ఆగలేదు. అంతకుముందు చేతిలో నాలుగైదు ఇళ్లుంటే గొప్ప, ఆ ఎండాకాలంలో ఇరవై దాటాయి. వేదాయపాళెంలో స్ట్రక్చర్ (ప్యానెళ్లు బిగించే చట్రం) నిలబెట్టి వదిలేసి కోవూరు పోవడం, అక్కడ ఇన్వర్టర్ రాలేదని బుచ్చిలో కొలతలకి పోవడం, అందరూ పొద్దున్నుంచి రాత్రిదాకా తిరుగుతూనే ఉన్నారు కానీ లైటు వెలిగిన ఇల్లు మాత్రం కనపడదు. అన్నీ వాట్సాప్ గ్రూపులోనే. ‘డన్ అన్నా’ అని మెసేజ్ వస్తుంది, ఏది డన్నో దేవుడికెరుక. ఒక ఇంట్లో ఏసీకి, డీసీకి, పిడుగు కడ్డీకి కలిపి ఎర్తింగ్ గుంతలు మూడు తీయాల్సింటే రెండే తీసి వచ్చేశారు, మూడోది మిగిలిందన్న మెసేజ్ గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద ఎక్కడో పడిపోయింది.

మా బావమరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఆగస్టులో వచ్చి నా అవస్థ చూసి ‘కాన్‌బాన్ పెట్టు బావా’ అన్నాడు. జపానులో టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తైచి ఓనో అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. తర్వాతి పని చేసే సెక్షన్‌కి సరుకు కావాల్సినప్పుడు, దానికి ముందు పని చేసే సెక్షన్‌కి ఒక కార్డు పంపుతారు, కార్డు వస్తేనే తయారీ, రాకపోతే లేదు. మేం బోర్డు మీద గళ్లు గీశాం: సైట్ చూశాం, సబ్సిడీ పోర్టల్‌లో పెట్టాం, స్ట్రక్చర్, ప్యానెల్-వైరింగ్, మీటరు కోసం, సబ్సిడీ పడింది. ఒక్కో ఇంటికి ఒక్కో చీటీ.

మొదటి మూడు నెలలూ దండగ. బోర్డు నిండా రంగురంగుల చీటీలు, వచ్చిన కస్టమర్లు ‘అబ్బో’ అన్నారు గానీ పని మాత్రం ఎక్కడిదక్కడే. పైగా నవంబరు వానల్లో గోడ చెమ్మకి అంటించిన చీటీలు రాలిపోయేవి, రెండు చీటీలు చీపురికి పోయాయి, ఆ రెండిళ్లూ నాలుగు రోజులు ఎవరికీ గుర్తే లేవు. ఇప్పుడు పాత పెళ్లికార్డుల వెనక రాసి అయస్కాంతాలతో పెడుతున్నాం. కొనేవాళ్లు అయస్కాంతం పట్టే బోర్డే కొనండి.

బావమరిదికి ఫోన్ చేసి తిడితే, ‘గళ్ల పైన అంకెలు రాశావా’ అన్నాడు. రాయలేదు. ‘అంకె లేకపోతే అది కాన్‌బాన్ కాదు బావా, నోటీసు బోర్డు.’

అంటే స్ట్రక్చర్ గడి పైన 3 అని రాస్తే అందులో మూడిళ్లే ఉండాలి, ఒకటి బయటికి పోతేనే ఇంకోటి లోపలికి. లెక్క చిన్నదే. వారానికి నాలుగిళ్లు ముగించే టీమ్ చేతిలో ఇరవై నాలుగుంటే కొత్తగా వచ్చినాయన ఆరు వారాలు ఆగాలి, పన్నెండే ఉంటే మూడు వారాలు. జాన్ లిటిల్ అనే ఆయన 1961లోనే దీన్ని నిరూపించాడు. నాకు మాత్రం ఎక్కువ ఇళ్లు మొదలుపెడితే ఎక్కువ పని జరుగుతున్నట్టే ఉండేది.

గడి నిండితే స్ట్రక్చర్ పిల్లోళ్లు ఖాళీగా కూర్చోకుండా వైరింగ్ వాళ్లకి కేబుల్ లాగాలి. మొదట్లో ‘ఏందన్నా, అది మా పనా?’ అని బాగా సణిగారు. నెలకి అలవాటైంది.

అసలు ఆ అంకెను ఎక్కువసార్లు దాటింది వాళ్లు కాదు, నేను. పొదలకూరు రోడ్డులో మా చుట్టం ఒకాయన ‘నాది ముందు చెయ్యరా’ అంటే కార్డు తీసుకుపోయి నిండిన గడిలో పెట్టబోయా. మా పెద్ద ఎలక్ట్రీషియన్, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన, అయస్కాంతం నా చేతిలో పెట్టి ‘ఏది తీసి ఇది పెట్టాలో నువ్వే తియ్యి అబ్బయా’ అన్నాడు. తియ్యలేకపోయా. చుట్టం రెండు వారాలు మాట్లాడలేదు.

రోజూ 8:15కి బోర్డు ముందు పది నిమిషాలు, నిలబడే. కుర్చీలేస్తే అరగంట అవుతుంది, చూశాం. కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమకి చదువుతాం, ముగింపుకొచ్చిన ఇల్లు ముందు. మీటరు గడికి అంకె పెట్టలేదు, మీటరు పెట్టేది కరెంటాఫీసు వాళ్లు, అది మన చేతిలో లేదు కదా. కాకపోతే కార్డు మీద తేదీ వేస్తాం, వారం దాటితే ఎర్రచుక్క, చుక్క పడిందంటే ఆరోజు ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే.

మధ్యలో ఫోన్ యాప్ కూడా ఒకటి పెట్టి చూశాం. మే నెలలో డాబా మీద, చేతికి గ్లోవ్స్, ఎండకి స్క్రీన్ కనపడదు, ఎవరు నొక్కుతారు? సాయంత్రం బోర్డు ఫోటో గ్రూపులో పెడుతున్నాం, అదే చాలు. పోర్టల్ పని చూసే అమ్మాయికి మాత్రం పొమొడోరో అనే పద్ధతి పనికొచ్చింది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, ఆ 25 నిమిషాలూ ఆఫీసు ఫోన్ నా దగ్గర. కస్టమర్ల అరుపులు నేను వింటున్నా, దరఖాస్తుల్లో సర్వీసు నంబర్ల తప్పులు తగ్గాయి.

లోపాలున్నాయి. ఇద్దరు కావలిలో రెండు రోజులు ఉండిపోతే ఆ రెండు రోజులూ బోర్డు చెప్పేది అబద్ధమే. రెండు ఊళ్లలో ఆఫీసులున్నవాళ్లకి ఇది సరిపోదు. పని బాగా చేశారా లేదా అన్నది కూడా చెప్పదు, దానికి డాబా ఎక్కాల్సిందే. చెరగని మార్కర్‌తో రాసిన ఒక గీత ఇప్పటికీ అట్టే ఉంది.

మొన్న చూస్తే స్ట్రక్చర్ గడి పైన 3 చెరిపి 4 రాసి ఉంది. పిల్లోళ్లని అడిగితే ఎవరూ మాట్లాడరు, నా మొహం చూసి నవ్వుకుంటారు. చేతిరాత నాదే.