ఉల్లి సీజన్‌లో మైఎస్‌క్యూఎల్ బ్యాకప్: ఏళ్ల తరబడి వాడాక

కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లి ముమ్మరంగా వచ్చే రోజుల్లో మండీ లెక్కలకు రాత్రీ పగలూ ఉండదు. కోడుమూరు, గోనెగండ్ల వైపు నుంచి ఏ జాములోనైనా బండి రావచ్చు, ఎంట్రీ పడాల్సిందే. కాబట్టి రాత్రిపూట బ్యాకప్ తీసుకోమనే సలహా మాకు పనికిరాదు. మా కమీషన్ ఏజెంట్ల లెక్కలన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. నేను చూసేది ఒక్కటే: బ్యాకప్ నడుస్తుండగా ఎంట్రీ ఆగుతుందా?

డేటానంతా ఒక ఫైల్‌లోకి రాసి బ్యాకప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్‌ను ఏ ఆప్షనూ లేకుండా నడిపితే ఆగుతుంది. ఆ డేటాబేస్‌లోని టేబుళ్లన్నిటికీ రీడ్ లాక్ పడుతుంది, అంటే చదవొచ్చు గానీ రాయలేం. సింగిల్ ట్రాన్సాక్షన్ అనే ఆప్షన్ పెడితే, మొదలైన క్షణానికి డేటా ఎలా ఉందో అలాగే చదువుకుంటూ పోతుంది, రాసేవాళ్లు రాస్తూనే ఉంటారు. దీనిమీద నాకు నమ్మకం ఏటికేడు పెరిగింది. కానీ ఇది ఇన్నోడీబీ అనే రకం టేబుళ్లకే. పాత మైఐసామ్ రకం టేబుల్ ఒక్కటి మిగిలినా అందులోని లెక్క డంప్ మధ్యలో మారిపోవచ్చు. టేబుల్ నిర్మాణం మార్చే ఆల్టర్ టేబుల్ కూడా ఆ సమయంలో వద్దు.

అసలు చిక్కు రెప్లికేషన్ (మార్పులను ఇంకో సర్వర్‌కు ఎప్పటికప్పుడు నకలు చేయడం) కోసం బైనరీ లాగ్ (మార్పుల చిట్టా) స్థానం కూడా రాసుకోమన్నప్పుడు వస్తుంది. అందుకు మొదట్లో సర్వర్ మొత్తానికీ ఒక రీడ్ లాక్ పడుతుంది. మామూలుగా రెప్పపాటే. అప్పటికే ఎవరో సీజన్ మొత్తం రిపోర్టు తీస్తుంటే మాత్రం, ఆ క్వెరీ ముగిసేదాకా లాక్ దొరకదు, ఈలోగా వచ్చిన ఎంట్రీలన్నీ దాని వెనక వరసకడతాయి. కాటా దగ్గర రైతు నిలబడిపోతాడు. ఇది నిజంగా బాధ కలిగించే లోపం. మైఎస్‌క్యూఎల్ 8.0లో వచ్చిన బ్యాకప్ లాక్ ఎంట్రీలను ఆపదు, టేబుల్ నిర్మాణం మార్చడాన్నే ఆపుతుంది. డేటా పెద్దదైనవాళ్లకు డేటా ఫైళ్లనే నేరుగా కాపీ చేసే ఎక్స్‌ట్రాబ్యాకప్ లాంటి పద్ధతే మేలు.

మాకు కుదిరిన దారి రెప్లికా, అంటే ఆ నకలు సర్వర్ మీద డంప్. అక్కడ మార్పులు అమలుచేసే థ్రెడ్‌ను ఆపి తీసుకుంటాం. అసలు సర్వర్ నుంచి వచ్చేవి రిలే లాగ్ అనే ఫైల్‌లో పోగవుతాయి, తర్వాత రెప్లికా వాటిని అందుకుంటుంది.

రిస్టోర్, అంటే డంప్‌ను తిరిగి డేటాబేస్‌లోకి ఎక్కించడం, నెమ్మది. పైగా డంప్ ఫైల్ పాత టేబుల్‌ను డ్రాప్ చేసి, కొత్తదానికి రైట్ లాక్ వేసి నింపుతుంది. అందుకే పనిచేస్తున్న డేటాబేస్ మీద ఎప్పుడూ పోయం. వేరే పేరుతో డేటాబేస్ తెరిచి అందులో పోసి, తప్పిపోయిన చీటీల వరసలు మాత్రమే ఇటు తెచ్చుకుంటాం.