మూడు తుపాకులకు ఒకే మందు: హెచ్‌పీ-38 గురించి నా మాట

ఒకప్పుడు నా రీలోడింగ్ బల్ల మీద, అంటే కాల్చేసిన తూటాల కేసుల్లో (లోహపు గుల్లల్లో) మళ్లీ మందు, బుల్లెట్ నింపుకునే చోట, మూడు తుపాకీ మందు డబ్బాలు ఉండేవి. .38 స్పెషల్ రివాల్వర్‌కి ఒకటి, 9 ఎంఎం పిస్టల్‌కి ఒకటి, .45 ఏసీపీకి ఇంకొకటి. ఒక రాత్రి పని ముగించి, పౌడర్ మెజర్‌లో (మందు కొలిచి దింపే పరికరంలో) మిగిలిన మందును డబ్బాలో తిరిగి పోశాను. పోశాక చూస్తే అది వేరే డబ్బా. పోసింది రేకుల మందు, డబ్బాలో ఉన్నది గుండ్రటి గింజల మందు. చూడగానే తేడా తెలిసింది కాబట్టి సరిపోయింది. రెండూ ఒకేలాంటి నల్ల రేకులైతే నాకు తెలిసేదే కాదు. చేతులు వణికాయి. ఆ డబ్బా మందంతా పారేశాను. ఇక మూడింటికీ పనికొచ్చే మందు ఒక్కటే ఉంచాలని అప్పుడే అనుకున్నాను.

ఆ ఒక్కటి హాడ్గ్‌డన్ వాళ్ల హెచ్‌పీ-38 అయింది. విన్‌చెస్టర్ 231 పేరుతో దొరికేది కూడా ఈ మందే. రెండూ హాడ్గ్‌డనే అమ్ముతుంది, ఏ తూటాకి ఎంత మందు వేయాలో చెప్పే వాళ్ల లోడ్ పట్టికలో రెండింటి ఎదురుగా అవే అంకెలుంటాయి. ఒక పేరుతో దొరక్కపోతే రెండో పేరుతో తెచ్చుకోవచ్చు. అన్ని తుపాకులకూ ఒక్క మందు మీదే ఆధారపడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఈ మూడు తూటాలూ ఒకదానికొకటి పోలికే లేనివి. .38 స్పెషల్ పుట్టింది పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) రోజుల్లో. అప్పట్లో అంత మందు పట్టాలి కాబట్టి కేసు పొడవుగా చేశారు. ఇప్పటి పొగరాని మందు వేస్తే అది అడుగునే ఉండిపోతుంది, పైన చాలా చోటు ఖాళీ. 9 ఎంఎం కేసు చిన్నది, ఒత్తిడి మాత్రం చాలా ఎక్కువ. అమెరికా తయారీదారుల ప్రమాణం ప్రకారం మామూలు 9 ఎంఎంకి గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .45 ఏసీపీకి 21,000, .38 స్పెషల్‌కి 17,000. అంటే మొదటిదానికీ చివరిదానికీ రెట్టింపు తేడా. నెమ్మదిగా కాలే మందు తక్కువ ఒత్తిడిలో పూర్తిగా కాలదు, గొట్టంలో కాలని గింజలు మిగులుతాయి. మరీ వేగంగా కాలేదైతే 9 ఎంఎంలో చూస్తుండగానే హద్దు దాటేస్తుంది. హెచ్‌పీ-38 వేగంగా కాలే రకమే కానీ ఆ వరుసలో మరీ ముందుండేది కాదు. అందుకే మూడింటికీ సర్దుకుంటుంది.

నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది మెజర్‌లోంచి దిగే తీరు. గింజలు గుండ్రంగా చేసి ఆపైన కాస్త చదును చేసిన రకం ఇది. ఇసుకలా జారుతుంది. వరసగా 10 సార్లు దింపి స్కేలు మీద తూచాను, గ్రెయిన్‌లో (మందు తూచే చిన్న కొలత) పదో వంతుకు మించి తేడా రాలేదు. అంతకుముందు నేను వాడిన యూనిక్ మంచి మందే. వందేళ్లకు పైగా జనం వాడుతున్నది, .38 కేసును ఇంతకంటే బాగా నింపుతుంది. కానీ దాని పెద్ద రేకులు మెజర్‌లో అడ్డం పడి, ఒకసారి తక్కువా తర్వాతి సారి ఎక్కువా దిగేవి. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ టెన్షన్. టైట్‌గ్రూప్ అనే మందు కూడా చూశాను. చాలా కొంచెంతోనే పనవుతుంది, డబ్బా ఎక్కువ రోజులు వస్తుంది. కానీ .38 కేసులో అంత చిన్న మోతాదు రెండుసార్లు పడినా ఇంకా చోటు మిగులుతుంది. ఆ భయం నాకు వద్దనిపించింది.

నిజానికి ఈ భయం హెచ్‌పీ-38తోనూ పూర్తిగా పోలేదు. .38 స్పెషల్‌లో దీని మోతాదు కూడా రెట్టింపు పడితే పొంగి బయటికి రాదు, లోపలే దాక్కుంటుంది. కాబట్టి 50 కేసులూ గుంటల చెక్కలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు టార్చి వేసి ఒక్కొక్క దాని లోపలికీ చూస్తాను. పోయిన చలికాలంలో ఒక కేసులో మందు మట్టం పక్కవాటికంటే ఎత్తుగా కనిపించింది. తూచి చూస్తే రెట్టింపే. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లాను, తిరిగొచ్చి అదే కేసులో మళ్లీ దింపాను. ఆ టార్చి లేకపోతే నా రివాల్వర్, బహుశా నా చెయ్యి కూడా దక్కేది కాదు. అప్పటి నుంచి మధ్యలో లేస్తే, చేతిలో ఉన్న కేసులోని మందు మెజర్‌లో పోసేసి వెళ్తాను. మందు అసలే పడని కేసు కూడా ప్రమాదమే. కేసు అడుగున మందును అంటించే ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను గొట్టం మధ్యలో ఇరికిస్తుంది, తెలియక వెంటనే రెండోది కాలిస్తే గొట్టం పాడవుతుంది. కాల్చినప్పుడు శబ్దం పీలగా వస్తే ఆగిపోవాలి.

ఇంకో లోపం. .38లో చోటు ఎక్కువ కాబట్టి మందు కేసులో ఎటు వైపు ఉందో దాన్ని బట్టి వేగం మారుతుంది. గొట్టం పైకెత్తి దించి కాల్చినప్పుడూ, కిందికి వంచి ఎత్తి కాల్చినప్పుడూ బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో అంకెలు వేరుగా వచ్చాయి. దగ్గరి గురికి నాకది అడ్డు కాలేదు. పట్టికలో కనీస మోతాదుల దగ్గర వాడితే కేసుల బయట మసి కూడా పడుతుంది, తుడుచుకుంటే పోతుంది.

.357 మాగ్నమ్ అనే మరింత బలమైన రివాల్వర్ తూటాను దాని పూర్తి బలంతో కాల్చాలనుకునేవాళ్లకి మాత్రం నేను దీన్ని చెప్పను. తేలికపాటి లోడ్లకు పనికొస్తుంది, అంతే. ఆ వేగం కావాలంటే నెమ్మదిగా కాలే హెచ్110 లాంటిది వేరే కొనాల్సిందే, అదీ పట్టికలో ఉన్న హద్దులు దాటకుండా. హెచ్110ని బాగా తగ్గించి వాడకూడదని తయారీదారే హెచ్చరిస్తాడు. ఒకే మందు అని పట్టుబట్టి ఆ తూటా మీద ప్రయోగాలు చేయొద్దు.

నా మోతాదులు ఇక్కడ రాయట్లేదు, కావాలనే. బుల్లెట్ బరువు మారినా, అది సీసమా రాగి తొడుగుదా అన్నది మారినా, ఎంత లోతుకు దించామన్నది మారినా లెక్క మారుతుంది. ముఖ్యంగా 9 ఎంఎంలో బుల్లెట్ కొంచెం లోతుకు దిగినా ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. తయారీదారు పట్టిక తెరిచి, కనీస మోతాదు దగ్గర మొదలుపెట్టి, మెల్లగా పైకి రండి. స్కేలును మాత్రం కూర్చున్న ప్రతిసారీ తూకం రాళ్లతో సరిచూసుకోండి.

ఖర్చు లెక్క కూడా తేలికే. పౌండుకు 7000 గ్రెయిన్లు. సగటున తూటాకి 5 అనుకున్నా ఒక్క పౌండు డబ్బాకి 1400 తూటాలు. మూడు డబ్బాలు సగం సగం వాడి పాతబడనిచ్చే రోజుల కంటే ఇప్పుడు నాకు వృథా చాలా తక్కువ. మిగిలిన మందును అదే రోజు దాని సొంత డబ్బాలోకే పోసేస్తాను. ఈ రకం మందును రోజుల తరబడి మెజర్‌లో ఉంచితే ప్లాస్టిక్ రంగు మారుతుంది, పైగా రేపటికి అదేం మందో గుర్తుండకపోవచ్చు.

కిందటి వారం కొత్త డబ్బా తెచ్చాను. మందు అదే అయినా లాట్ నంబర్ (తయారీ విడత) వేరు, అందుకని మూడు క్యాలిబర్లకూ మళ్లీ కింది నుంచే మొదలుపెట్టాను. 9 ఎంఎం అయింది. ఆదివారం .45.