లింటన్ కొండల్లో మూడు రోజులు: తోటల్లోంచి తిరిగొచ్చిన రైలు పెట్టెలు

ఆవకాయ సీసా మూత తీసినందుకు 60 పౌండ్లు కట్టించుకున్న ఊరికి మళ్లీ వెళ్లాలనిపిస్తుందని నేను అనుకోలేదు. బస చేసిన ఇల్లు మా మనసు ఎంత విరిచిందో, అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఉడీ బే అనే ఒక చిన్న రైల్వే స్టేషను అంతకు రెండింతలు సంతోషపెట్టింది. ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు సెలవులకు డెవన్ వైపు వెళ్తూ ఆ స్టేషను ముందు నుంచే కార్లలో దాటిపోతుంటారు కనుక, మా అనుభవం వివరంగా రాస్తున్నాను.

2023 ఆగస్టులో మా మామగారు శ్రీకాకుళం నుంచి బ్రిస్టల్‌లోని మా ఇంటికి వచ్చారు. ఆయన నౌపడలో రైలు పెట్టెల మరమ్మతు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూరు వెళ్లే చిన్న రైలు మీద ఆయన ఉద్యోగమంతా గడిచింది. పర్లాకిమిడి రాజావారి పూనికతో 1900లో మొదలైన ఆ రెండడుగుల ఆరంగుళాల వెడల్పు లైను 2004లో ఆగిపోయి, 2011లో బ్రాడ్‌గేజిగా మళ్లీ తెరుచుకుంది. కొత్త బండిని ఆయన తప్పుపట్టరు కానీ, తన చేతుల మీదుగా నడిచిన పెట్టెల ప్రస్తావన వస్తే మాత్రం మాట మార్చేస్తారు. లండను చూపించినా, బాత్ చూపించినా ముభావంగానే ఉన్న ఆయన కోసం, మూతపడి దాదాపు డెబ్బై ఏళ్లు గడిచాక ఒక ముక్క తిరిగి ప్రాణం పోసుకున్న చిన్న గేజి కొండ లైను దగ్గరలోనే ఉందని తెలిసి, మా ఆవిడ, మా పదకొండేళ్ల అబ్బాయి, నేను, ఆయన కలిసి బయలుదేరాం.

ప్రయాణం గురించి చెప్పవలసింది ఒక్కటే. మైన్‌హెడ్ మీదుగా ఎ39 రోడ్డులో వెళ్తే పోర్లాక్ దగ్గర నాలుగడుగులకు ఒక అడుగు లేచే నిట్టనిలువు ఎక్కుడు వస్తుంది. బరువుగా ఉన్న కారుతో ఆ దారి పట్టకండి, పక్కనే ఉన్న టోల్ రోడ్డు మేలు.

ఇక డెవన్ కొండ ఊరు లింటన్‌లో బస. ఊరు పేరు చెప్తాను కానీ బస ఇచ్చిన ఇల్లు పేరు చెప్పను. నలుగురికి ఒకే గది, రాత్రికి 128 పౌండ్లు, మూడు రాత్రులకు 384 అని ఆన్‌లైన్‌లో ముందే కట్టాం. తాళం చేతికి ఇచ్చేటప్పుడు కారు నిలిపినందుకు రోజుకు 12 చొప్పున 36 పౌండ్లు అదనమని చెప్పారు. పేజీలో ఆ మాట లేదని చూపిస్తే, తలుపు వెనక అంటించిన కాగితంలో ఉందన్నారు. గదిలోకి వెళ్లాక కనబడే కాగితం, డబ్బు కట్టేవాడికి ముందే ఎలా తెలుస్తుందో వారే చెప్పాలి. వేడినీళ్లు పొద్దున్న 7 నుంచి 9 వరకే వస్తాయన్నది ఆ కాగితంలో కూడా లేదు. మామగారు ఏ దేశంలో ఉన్నా అయిదింటికి స్నానం చేసి విభూతి పెట్టుకోకుండా మంచినీళ్లైనా ముట్టరు. చన్నీళ్లతోనే కానిచ్చి, ఆ మధ్యాహ్నానికే జలుబు తెచ్చుకున్నారు. ఆగస్టు నెల కనుక హీటరు వేయడం కుదరదన్నారు. బయట వాన, పొగమంచు. ఆయన శాలువా కప్పుకొని కిటికీ దగ్గర కూర్చుని, "తిరుగు టికెట్టు ముందుకు జరపడానికి వీలవుతుందా బాబూ" అని నన్ను అడిగారు.

అసలు గొడవ ఆ రాత్రి జరిగింది. మా ఆవిడ ఇంటి దగ్గర చేసి తెచ్చిన పులిహోర, పెరుగన్నం విప్పి, ఆయన నోరు చేదుగా ఉందంటే చిన్న ఆవకాయ సీసా తీసింది. పొయ్యి వెలిగించలేదు, ఏదీ వేడి చేయలేదు, కిటికీ తెరిచే ఉంచాం. మర్నాడు తలుపు కింద ఒక చీటీ కనబడింది: గదిలో 'వంట వాసన' వచ్చినందుకు ప్రత్యేకంగా శుభ్రం చేయించాలి, 60 పౌండ్లు కార్డు మీద తీసుకున్నాం అని. కిందికి వెళ్లి సీసా చూపించి, ఇది వంట కాదు ఊరగాయ అని మర్యాదగానే చెప్పాను. ఆ మనిషి సీసా వంక చూడకుండానే, రూలు రూలే అన్నారు. మామగారు ఆ మాటలు విన్నారు. కూతురి వంక చూసి, సీసా తానే తీసుకొని సంచిలో అడుగున పెట్టేశారు. 60 పౌండ్ల కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

ఆ కోపంలోనే ఉడీ బే స్టేషనుకు వెళ్లాం. అది లింటన్ నుంచి బార్న్‌స్టపుల్ వెళ్లే రోడ్డు పక్కనే, స్విస్ కొండ ఇళ్ల పద్ధతిలో కట్టిన చిన్న భవనం. ఈ రెండు ఊళ్ల మధ్య 19 మైళ్లకు పైగా సాగిన లైను ఇది. పట్టాల మధ్య వెడల్పు రెండడుగులకు అర అంగుళం తక్కువ, ఎక్కుడు చాలాచోట్ల యాభై అడుగులకు ఒక అడుగు. పత్రికాధిపతి సర్ జార్జ్ న్యూన్స్ అండతో 1898 మేలో మొదలైంది. 1923లో ఇంగ్లండు సదరన్ రైల్వే చేతికి వచ్చాక కొంత బాగుపడినా, బస్సులూ కార్లూ జనాన్ని లాగేసుకోవడంతో 1935 సెప్టెంబరు 29న చివరి బండి నడిచింది. ఆ తరవాత బార్న్‌స్టపుల్ టౌన్ స్టేషనులో ఉడీ బే వాసి అయిన ఒక రిటైర్డ్ నావికాదళ అధికారి పూలచక్రం ఉంచి, బహుశా ఇది చనిపోలేదు, నిద్రపోతోంది అని దాని మీద రాయించారట. ఆ మాట మా అబ్బాయి తెలుగులో చెప్పగానే మామగారు శాలువా సర్దుకొని, "ఎవరు లేపారు?" అని అడిగారు. తిరుగు టికెట్టు సంగతి తప్ప, రెండు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది.

లేపిన కథ స్టేషనులో పనిచేస్తున్న స్వచ్ఛంద కార్యకర్త ఒకాయన చెప్పారు. జీతం లేని పని, వయసు డెబ్బై దాటి ఉంటుంది. 1935 నవంబరులోనే లైనంతా వేలం వేశారు. నదుల పేర్లు పెట్టుకున్న యో, ఎక్స్, టా, లిన్ అనే నాలుగు ఇంజన్లు తుక్కయ్యాయి. అయిదోదైన లూ ఇంజనుతోనే ఆ పట్టాలు పీకించి, తరవాత దాన్ని ఓడెక్కించి బ్రెజిలు పంపేశారు. పెట్టెలను మాత్రం చుట్టుపక్కలవాళ్లు కొని, చక్రాలు తీసేసి, తోటల్లో విశ్రాంతి గదులుగానూ, సామాన్ల కొట్లుగానూ పెట్టుకున్నారు. ఆ పెట్టెల్లో పదహారింటిని తయారుచేసింది మేముండే బ్రిస్టల్‌లోని బండ్ల కర్మాగారమేనని ఆరోజే తెలిసింది. పదిహేడోది మాత్రం 1911లో బార్న్‌స్టపుల్‌లో తయారైంది. 1979లో అభిమానులు సంఘంగా ఏర్పడి, 1995లో ఈ స్టేషనును కొని, 2004లో బండి నడిపారు. తోటల్లో, పొలాల్లో మిగిలిన పెట్టెలను వెతికి తెచ్చి, పుచ్చిన చోట కొత్త కర్ర అతికి, పనికొచ్చే ప్రతి పాత ముక్కనూ తిరిగి బిగించి, 2013 నుంచి వాటినే పట్టాలెక్కిస్తున్నారు. 7, 17 నంబర్ల పెట్టెలు మొదట వచ్చాయి, 16 తరవాత చేరింది.

మేము ఎక్కింది పచ్చరంగు వేసిన అలాంటి పెట్టెలోనే. మామగారు కూర్చోలేదు. వేలి కణుపులతో గోడ పలకలను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వెళ్లి, ఒకచోట ఆగి, "ఇది కొత్తది," రెండడుగులు జరిగి, "ఇది పాతది" అన్నారు. కార్యకర్త ముఖం విప్పారింది. అబ్బాయి అటు తెలుగూ ఇటు ఇంగ్లీషూ చెప్తుంటే ఇద్దరూ తలుపు గొళ్లెం దగ్గర ఒంగి, అది ఎటు అరుగుతుందో, వానాకాలంలో కర్ర ఉబ్బితే ఏ వైపు చిత్రిక పట్టాలో మాట్లాడుకున్నారు. కిల్లింగ్టన్ లేన్ వరకు మైలు పొడవే ఉంది లైను. వెళ్లి రావడానికి అరగంట కూడా పట్టదు. మైలు దూరానికి ఇంత హడావుడా అని మా వెనక సీటులో ఒక కుటుంబం గొణిగింది. దూరం కావలసినవాళ్లకు వేరే రైళ్లు బోలెడున్నాయి. తోటలో వందేళ్ల పాటు పుచ్చిపోవలసిన కర్ర, మనుషులను కూర్చోబెట్టుకొని మళ్లీ కొండ వాలున కదలడం చూడాలంటే ఇక్కడికే రావాలి.

దిగాక కార్యకర్త మమ్మల్ని స్టేషను వెనక ఒక బల్ల దగ్గరకు తీసుకువెళ్లారు. పాత కట్ట వెంబడి ముళ్లపొదలు కొట్టినప్పుడు, కంచెలు తీసినప్పుడు దొరికినవన్నీ దాని మీద ఉన్నాయి: పట్టాల కొసలను కలిపి పట్టే, తుప్పు పొరలు లేచిన ఫిష్‌ప్లేట్లు, బోల్టులు, పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే మేకులు. మామగారు ఒక మేకు అందుకొని అరచేతిలో బరువు చూశారు. తల దగ్గర ఒక వైపు ముక్కులా వంగి, కాండం నాలుగు పలకలుగా ఉంది, సుత్తి దెబ్బలకు నెత్తి చదునైపోయింది. "ఇది మన డాగ్ స్పైకే బాబూ," అన్నారు. "నౌపడ యార్డులో సంచులకొద్దీ ఉండేవి. నేనొక్కటీ దాచలేదు." ఆ మాట అబ్బాయి తర్జుమా చేయలేదు. అయినా కార్యకర్తకు అర్థమైనట్టుంది, మేకు తిరిగి తీసుకోవడానికి తొందరపడలేదు. అమ్ముతారా అని నేను అడిగితే, మా దగ్గర ఏదీ బయటికి పోదు, అన్నీ లోపలికే రావాలి అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది.

ఆ మధ్యాహ్నం కార్యకర్త సలహా మీద కారులో పాత లైను వెంబడి వెళ్లాం. బ్లాక్‌మూర్ స్టేషను భవనం అప్పటికి భోజనశాల. చెల్ఫమ్ దగ్గర ఎనిమిది కమానుల వంతెన 70 అడుగుల ఎత్తున లోయ మీద నిలబడే ఉంది. పైకి ఎక్కే వీలు మాకు దొరకలేదు, కింద రోడ్డు మీద నుంచే చూశాం. స్నాపర్ హాల్ట్ దగ్గర పట్టాలు పీకేశాక రెండు పెట్టెలు దశాబ్దాల పాటు వానలో ఉండిపోయాయి. వాటిలో 15వ నంబరు పెట్టెను 1959లో వేల్స్‌లోని ఫెస్టినియాగ్ రైల్వేవాళ్లు తీసుకుపోయి, బాగుచేసి, ఫలహారాల పెట్టెగా నడిపారు. రెండోది అక్కడే శిథిలమైపోయింది. రెండూ ఒకే చోట, ఒకే వానలో ఉన్నవే, తీసుకువెళ్లే మనిషి రావడమే తేడా అని మామగారు దారి పొడుగునా అంటూనే ఉన్నారు. 2వ నంబరు పెట్టె యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉందని తెలిసి, తిరుగు ప్రయాణం ముందుకు జరపమన్న ఆయనే, అక్కడికి ఎప్పుడు వెళ్దామని అడిగారు.

మూడో రోజు లింటన్ నుంచి లిన్మత్‌కు దించే నీటి బరువుతో నడిచే కొండ బండి ఎక్కాం. 1890 నాటిది, అది కూడా న్యూన్స్ అండతో వచ్చిందే. బాగుంది. కింద ఒక చిన్న టీ కొట్టులో మనిషికి 7 పౌండ్ల 20 పెన్నీలకు స్కోను, జాము, గడ్డ మీగడ పెట్టారు. జలుబుతో రెండు రోజులుగా ఏదీ సయించని మామగారు ఆ మీగడ నోట్లో పెట్టుకొని, కుంపటి మీద కాగిన పాల మీద మీగడలా ఉందంటూ మా ఆవిడ ప్లేటులోది కూడా తిన్నారు. డెవన్‌లో మీగడ ముందు రాసి, దాని మీద జాము వేస్తారు. అలాగే తినండి.

వెళ్లదలచినవారికి నా సలహా ఇది. లింటన్‌లో కాక, బార్న్‌స్టపుల్‌లో బస చూసుకోండి. ఇళ్లు ఎక్కువ, ఎంచుకునే వీలుంటుంది. వేడినీళ్ల వేళలు, కారు రుసుము, గదిలో తినవచ్చా లేదా అన్నవి ముందే రాతపూర్వకంగా అడగండి. ఉడీ బేలో బండ్లు అన్ని రోజులూ నడవవు కనుక ముందుగా చూసుకొని బయలుదేరండి. పిల్లలకన్నా, చేతిపని చేసి బతికిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను తప్పకుండా తీసుకువెళ్లండి. మాకు బసకు 420, జరిమానాకు 60, పెట్రోలుకు 41 పౌండ్లు అయ్యాయి.

జరిమానా గురించి గది బుక్ చేసిన సంస్థకు ఫొటోలతో సహా రాశాను. నాలుగు ఉత్తరాలు, మూడు వారాలు పట్టాక 60లో 45 వెనక్కి వచ్చాయి. అప్పటికి మామగారు శ్రీకాకుళం వెళ్లిపోయారు. ఫోనులో చెబితే, ఆ డబ్బు పెట్టెలు బాగుచేసేవాళ్లకు పంపమన్నారు. ఆయన పేరునే పంపించి, రసీదు ఫొటో తీసి ఆయనకు పంపాను. ఆ రైల్వేవాళ్లకు ఇంకా ఎన్ని పెట్టెలు దొరకవలసి ఉన్నాయో కనుక్కొని చెప్పమని, వారం వారం అడుగుతున్నారు.