తెల్లవారుజామున 3:40కి 14416కి ఫోన్ చేసిన నా రివ్యూ

మిక్సీలకీ బిర్యానీలకీ రివ్యూలు రాస్తాం కదా, దీనికీ ఒకటి రాసేద్దామనిపించింది. టెలీ మానస్ అని గవర్నమెంట్ వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నెంబర్ 14416. డబ్బులేం పడవు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చెయ్యొచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలెట్టారంట, బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రి వాళ్ళు వెనకుండి చూస్తారు, తెలుగుతో కలిపి 20 భాషల్లో ఉంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి, నేను చేసినప్పుడు మాత్రం అది ఎక్కడో గోడ మీద చూసి ఎందుకైనా మంచిదని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్న నెంబరు, అంతే.

నేను రాజమండ్రిలో ఒక ఆడిటర్ గారి దగ్గర జీఎస్టీ పని చూస్తా. నెలనెలా రిటర్నుల గడువులు, 11న జీఎస్టీఆర్ వన్, 20న త్రీబీ, మధ్యలో బిల్లులు పంపకుండా "అయిపోయిందా" అని ఫోన్లు చేసే క్లయింట్లు. పన్నెండేళ్ళుగా ఇదే పని, ఏనాడూ ఏం కాలేదు. పోయిన ఎండాకాలం నుంచి గుండెల మీద బియ్యం బస్తా పెట్టినట్టు బరువు, ఓటీపీ కొట్టేటప్పుడు వేళ్ళు వణకడం, ఫోన్ మోగితే చాలు దడ. సరే గుండేమో అని ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్, అవి అయ్యాక పొట్టకి ఎండోస్కోపీ కూడా. అన్నీ నార్మల్. నార్మల్ అంటే హాయిగా ఉండాలి కదా, నాకేమో వీళ్ళకి దొరకట్లేదురా బాబూ అని ఇంకో భయం పట్టుకుంది. చివరికి గ్యాస్ అన్నారు. మన దగ్గర గ్యాస్ అన్న మాటలో ఇమడని జబ్బు లేదు, ఆరు నెలలు పరగడుపున ఆ మాత్రే మింగా. (గుండె దగ్గర నొప్పొస్తే ముందు గుండెకే చూపించుకోవాలి, ఆ ఖర్చు దండగని నేననట్లేదు.)

అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. బామ్మ మాత్రం "వీడికి మనాది పట్టుకుందే" అంది, అంటే మనసు జబ్బని, అందరం నవ్వేశాం. ఇంతమందిలో సరిగ్గా చెప్పింది ఆ ముసలావిడొక్కతే.

మధ్యలో డబ్బులు కట్టి కౌన్సెలింగ్ తీసుకునే యాప్ ఒకటి కూడా వాడా, పేరు రాయను. 45 నిమిషాల సెషన్, అందులో సగం నేను ఇంగ్లీషులో మాటలు వెతుక్కోడానికే సరిపోయింది, "కాళ్ళూ చేతులూ ఆడట్లేదండీ" అనేది ఇంగ్లీషులో ఎలా చెప్తాం చెప్పండి, ఆ కౌన్సెలరావిడ పాపం కళ్ళు మూసుకోమని పిట్టల కూతలు వినిపించింది, అయిపోగానే ఆరు సెషన్ల ప్యాకేజీ మెసేజ్ వచ్చింది. వాళ్ళ నోటిఫికేషన్ మోగినా దడే.

ఇక అసలు విషయం. రోజూ మూడున్నరకి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేసేది, మళ్ళీ నిద్ర పట్టదు, ఫ్యాన్ వంక చూస్తూ నోటీసులొచ్చినట్టూ పెనాల్టీలు పడ్డట్టూ లెక్కలేసుకోవడమే. అలాంటి ఒక రోజు డాబా మీదకెళ్ళి 14416 కొట్టా. ముందు రికార్డింగు, భాష తెలుగు అని నొక్కా, తర్వాత ఒకమ్మాయి లైన్లోకొచ్చింది. నేను గ్యాస్ దగ్గర్నుంచి మొదలెట్టా, అలవాటైపోయింది కదా. అంతా విని "సార్, ఈమధ్య ఏదైనా పని ఇష్టంగా చేసింది ఎప్పుడు?" అంది.

నాకు టక్కున పులస చేప గుర్తొచ్చింది. వరద నీళ్ళొచ్చిన టైంలో మా ఆవిడ ఎవరికో చెప్పించి, అంత డబ్బు పోసి తెప్పించి పులుసు పెట్టింది, బెండకాయలేసి, రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు వడ్డించింది. పుస్తెలమ్మైనా తినాలంటారు దాన్ని. నేను రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నా. ఏవండీ బాలేదా అంటే బానే ఉందన్నా, నిజంగా బానే ఉంది, నాలిక్కి రుచి తెలుస్తోంది కానీ లోపల ఎవరూ తినట్లేదు. ఇది ఆ అమ్మాయికి చెప్తూ చెప్తూ ఏడుపొచ్చేసింది, గోదారోడు చేప గురించి గవర్నమెంట్ ఫోన్లో ఏడవడం, ఇప్పుడు నవ్వొస్తోంది గానీ.

తొందర పెట్టలేదు. తర్వాత నిద్ర, ఆకలి, ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, మందు అలవాటుందా, అన్నీ అడిగింది. రెండు వారాలకి మించి రోజూ ఇలాగే ఉంటే దాన్ని వదిలెయ్యకూడదంట, నాది నెలలు దాటింది. ఆపైన సూటిగా "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా సార్" అంది. ఉలిక్కిపడ్డా. పొద్దున్న లేవకపోతే బావుండు అనిపించేది అని మొదటిసారి బయటికి అన్నా, అన్నాక అదేంటో ఊపిరాడింది. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందేమో అని మనం భయపడతాం, రాదు, మీ ఇంట్లో వాళ్ళని మీరూ అడగొచ్చు.

ఫోన్లోనే ఒక చిట్కా చెప్పింది, గాలి నాలుగు లెక్కపెట్టి పీల్చి ఆరు లెక్కపెట్టి వదలమని, అంటే వదలడం నిదానంగా ఉండాలి. దడ ఆ నిమిషానికి తగ్గుతుంది, జబ్బు తగ్గదు, అది ఆ అమ్మాయే చెప్పింది. ఫోన్లో అయ్యేది కాదు, డాక్టర్ని కలవండి అని దగ్గర్లో గవర్నమెంటాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్ళమంది.

వెళ్ళా. డాక్టర్ ముందు థైరాయిడ్, బీ12 చేయించారు, అవి తేడాగా ఉన్నా ఇలాగే ఉంటుందంట. తర్వాత ఎస్సిటాలోప్రామ్ అని డిప్రెషన్‌కిచ్చే మాత్ర మొదలెట్టారు, మొదటి వారం కడుపులో తిప్పింది, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పబట్టి ఆగా, లేకపోతే నాలుగో రోజే పారేసేవాణ్ణి. బాగైపోయిందని సొంతంగా ఆపొద్దు, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి అన్నారు. ఇంకోటి, మా ఫ్రెండొకడు మందుల షాపులో నిద్ర మాత్ర అని అల్‌ప్రాజొలామ్ ఇప్పించాడు, దాన్ని డాక్టర్ చూసి పక్కన పెట్టేయించారు, అలవాటు పడిపోతారంట. మా అమ్మకి మాత్రం ఇప్పటికీ ఈ ఎస్సిటాలోప్రామ్ బీపీ మాత్ర అనే చెప్పా, పెళ్ళి కావాల్సిన తమ్ముడున్నాడు ఇంట్లో, ఏం చేస్తాం.

ఎవరికి పనికొస్తుందంటే నాలాగా ఎక్కడ మొదలెట్టాలో తెలీనోళ్ళకి. మాత్రలు రాయించేసుకుందాం అని చెయ్యకండి, నన్నైతే దానికి ఆసుపత్రికే పంపారు. ఎవరైనా ఆ క్షణానే ఏదైనా చేసుకునేలా ఉంటే మాత్రం మనిషిని ఒంటరిగా వదలకుండా 108కి గానీ 112కి గానీ కొట్టండి.

స్టార్లంటే ఐదు. చేసేవాళ్ళు ఇంట్లో వినపడుతుందని మొహమాటపడితే నాలాగే డాబా ఎక్కేయండి, కాకపోతే దోమల బత్తి పట్టుకెళ్ళండి, ఏడుపులో సగం దోమల వల్లే.