ఆదివారం సారుకే ఈ మూడు స్టార్లు

చిక్కడపల్లిలో నాకు కర్రీ పాయింట్ ఉంది. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ, తెలుగు మీడియం. లా చదువుతానని పట్టుబడితే పోయినేడు ఈ లా ఎంట్రన్స్ కోచింగ్‌లో చేర్పించాను. 38,000 ఫీజు, రెండు విడతల్లో కట్టాను.

"మా పిల్లకి ఏది నయం?" అని కౌంటర్‌లో అడిగితే క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష), షామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీ, ఆ తర్వాత పెద్ద కంపెనీలో ఉద్యోగం అన్నారు. క్లాట్ పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుందనీ, 120 ప్రశ్నలు 2 గంటల్లో చెయ్యాలనీ, తప్పు రాస్తే పావు మార్కు పోతుందనీ చెప్పనేలేదు. మన రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ అయితే ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి, నెగటివ్ మార్కుల్లేవు. ఈ ముక్క మా పిల్లకి రెండు నెలల తర్వాత పక్క బెంచీ అమ్మాయి చెప్పింది. లాసెట్ పుస్తకాలు అడిగితే మళ్లీ డబ్బులన్నారు. పేదింటి పిల్లలకి క్లాట్ కోచింగ్ ఉచితంగా ఇచ్చే ఐడీఐఏ అనే సంస్థ 2010 నుంచీ ఉందని కూడా ఫీజంతా కట్టేశాకే తెలిసింది!

లీగల్ రీజనింగ్ మేడమ్ బాగా చెప్తారు. మాక్ టెస్టులు టైముకే పెట్టారు. బాత్రూమ్ గురించి అడక్కండి.

ఆదివారాలు హైకోర్టు లాయరుగారు ఒకరు వచ్చేవారు. ఓసారి టిఫిన్ బాక్స్ ఇవ్వడానికి వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. వకాల్తా ఫారం (కేసు లాయరుకి అప్పగించే కాగితం) ఒకటి బెంచీల మీదుగా చేతులు మారుతోంది. క్లయింట్ సంతకం ఎక్కడ, స్టాంపు ఎక్కడ అని వేలుపెట్టి చూపిస్తున్నారు. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా పేరు నమోదు) ఫీజు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పిందట. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025లో చెప్పిందట. నన్ను చూసి, "అమ్మా, ఆ మూడేళ్లూ జూనియర్ లాయరు చేతికి పెద్దగా ఏమీ రాదు. ఇంట్లో మీరు ఓపిక పట్టాలి" అన్నారు. మా ఇంట్లో కోర్టు మెట్లెక్కిన వాళ్లే లేరు, ఇవన్నీ మాకెవరు చెప్తారు?

మా అమ్మాయి లాసెట్ రాసి ఐదేళ్ల కోర్సులో చేరింది. క్లాట్ పుస్తకాలు అటక మీదున్నాయి, కావాలంటే వచ్చి ఊరికే పట్టుకెళ్లండి. చేరేముందు మాత్రం ఆ సారు ఇంకా వస్తున్నారో లేదో అడగండి. ఈ మధ్య ఆదివారం క్లాసు తీసేశారని విన్నాను.