ఎయిర్ ఇన్‌టేక్ కిట్, మూడేళ్ల తర్వాత: బండిలో మిగిలింది గేజి ఒక్కటే

ఇంజిన్‌కు గాలి ఎక్కువ అందుతుందని నా లోడు బండికి ఈ కిట్ బిగించి మూడేళ్లయింది. బండి ఈలోగా 2 లక్షల 30 వేల కిలోమీటర్లు తిరిగింది. కిట్‌లో పెద్ద డబ్బా, నూనె పట్టించే కాటన్ ఫిల్టర్, లావుపాటి పైపు, నాలుగు క్లాంపులు వచ్చాయి. అట్టపెట్టె మూలన బొటనవేలంత గేజి కూడా ఒకటి ఉంది. ఇవాళ బండి మీద ఉన్నది ఆ గేజి ఒక్కటే. మిగతావన్నీ షెడ్డులో అటకెక్కాయి. అమ్మబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు.

టర్బో (ఇంజిన్‌లోకి గాలి నొక్కి పంపే ఫ్యాను లాంటిది) ఉన్న డీజిల్ ఇంజిన్‌కు గాలి ఎందుకో, చల్లగాలి అయితే ఎందుకు మేలో లోడు లాగేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చప్పుడు సంగతి మాత్రం చెప్పాలి. బిగించిన రోజు యాక్సిలరేటర్ తొక్కగానే టర్బో ఈల క్యాబిన్‌లోకి వినిపించింది. అబద్ధం ఎందుకు, ఆ రోజు ఊరికే రెండు చుట్లు ఎక్కువ తిప్పాను. ఆ నెలంతా కనిపించినవాళ్లందరికీ పుల్లింగ్ పెరిగిందని చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి. చప్పుడు పెరిగిన మాట నిజం. పుల్లింగ్ పెరిగిందో లేదో అప్పట్లో నేను కొలిచింది లేదు.

కొలిచే పని తర్వాత గేజి చేసింది. ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య పైపు మీద దాన్ని బిగిస్తారు. ఫిల్టర్ గుండా గాలి లాగడానికి ఇంజిన్ ఎంత కష్టపడుతోందో అది నీటి అంగుళాల లెక్కలో (గాలి పీడనం కొలిచే లెక్క) చూపిస్తుంది. లోపలి పసుపు రింగు ఎక్కినంత ఎక్కి అక్కడే పట్టుకుని ఉంటుంది, బటన్ నొక్కితేనే దిగుతుంది. అంటే ఎక్కుడులో నడుపుతూ దాన్ని చూడక్కర్లేదు. పైకెక్కి బండి ఆపి, బానెట్ ఎత్తి తీరిగ్గా చూసుకోవచ్చు. పెద్ద డీజిల్ ఇంజిన్లకు మామూలుగా చెప్పే హద్దు 25. అది దాటితే ఫిల్టర్ మార్చాలి. కిట్ ఫిల్టర్‌తో ఫుల్ లోడు మీద నాకు 8 వచ్చింది. ఒకరోజు పట్టుదలకొద్దీ పాత డబ్బా, కొత్త పేపర్ ఫిల్టర్ వేసి అదే ఎక్కుడు ఎక్కాను. 12 చూపించింది.

తేడా 4 అంగుళాలు. బయటి గాలి పీడనం ఇదే లెక్కలో నాలుగు వందల అంగుళాల పైచిలుకు. అందులో నాలుగంటే నూటికి ఒక పాలు. టర్బో బయటి పీడనానికి రెట్టింపు పైగా గాలి నొక్కే చోట ఆ ఒక్క పాలు ఎక్కడ కలిసిపోతుందో తెలీదు. కంపెనీ డబ్బా నా ఇంజిన్ గొంతు నొక్కుతోందని నేను అనుకున్నది నిజం కాదన్నమాట. అయినా కిట్ తీసేయలేదు. డబ్బులు పెట్టాను కదా.

రెండో ఏడాది చివర్లో గేజి 11 చూపించడం మొదలెట్టింది. ఫిల్టర్ మురికి పట్టిందనుకుని కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి వేశాను. మళ్లీ 11. ఇంకోసారి కడిగాను. 11 దగ్గరే మొండికేసింది. గేజి పాడైందనుకుని వదిలేశాను. అప్పుడు చేసిన తెలివితక్కువ పని అదే.

నెల తిరక్కుండానే ఒక రాత్రి ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కుతుంటే సగం దూరంలో టర్బో ఈల కాస్తా బుస్సుమనే చప్పుడుగా మారింది. అద్దంలో చూస్తే వెనక బండి లైట్లు కనిపించనంత నల్ల పొగ. గేరు దించాను, ఇంకోటి దించాను, పికప్ అనేదే లేదు. ఎగ్జాస్ట్ వేడి చూపించే ముల్లు పైకి పోతోంది. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. మొదటి గేరులో పాక్కుంటూ పైకి చేరాను.

మర్నాడు చూసిన మెకానిక్ టర్బో షాఫ్ట్‌ని వేళ్లతో పట్టి ఊపి, "టర్బో పోయిందన్నా, మార్చాల్సిందే" అన్నాడు. షాఫ్ట్ పక్కలకు రవ్వంత ఊగడం మామూలే, నడిచేటప్పుడు అది ఆయిల్ పొర మీదే తేలుతుంది. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేలా కదిలితే భయపడాలి. ఇది అలా కదల్లేదు. విప్పే ముందు గాలి పట్టి చూద్దామని పట్టుబట్టాను. టర్బో మూతికి టైరు వాల్వు బిగించిన మూత పెట్టి, ఒక బార్ దాకా గాలి ఎక్కించి, పైపుల మీద సబ్బు నీళ్లు చల్లాం. టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే హోస్ కింది వైపు, చేతికి తప్ప కంటికి అందని చోట, నురగ పుట్టగొడుగులా లేచింది. విప్పి చూస్తే చిటికెన వేలు పొడవున చీలిక. చేత్తో పట్టుకుంటే పెదాలు మూసినట్టు మూసుకుపోతుంది. ఐడిలింగ్‌లో అందుకే దొరకలేదు. లోపల ఒత్తిడి పెరిగితేనే నోరు తెరుస్తుంది.

ఆ హోస్ ఒక బ్రాకెట్ అంచుకు ఒరుసుకుంది. బ్రాకెట్ పాత చోట పెయింట్ గుర్తు ఇంకా ఉంది. రెండు వేళ్ల దూరం పక్కకు జరిపారు, కిట్ డబ్బా పట్టడం కోసం. తప్పు కిట్‌దా, బిగించినవాడిదా అంటే ఇప్పటికీ తేల్చుకోలేను. పక్కనే నిలబడి చూసి, బాగుందని తలూపింది నేనే.

గేజి మొండితనం అప్పుడర్థమైంది. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. కారిపోయే గాలికి కూడా కలిపి టర్బో ఎక్కువ లాగుతోంది, అందుకే 11. లోపలికి వెళ్లే గాలి పెరిగింది, ఇంజిన్‌కు చేరేది తగ్గింది. గేజి నెల ముందే చెప్పింది, నేనే వినలేదు. హోస్ మార్చి, బ్రాకెట్ వెనక్కి జరిపి, బోల్టు క్లాంపులు వేశాక అదే లోడు మీద 8కి దిగింది. మైలేజీ నా డైరీ లెక్కన లీటరుకు 3.6 నుంచి 4 దాటింది. ఈ మూడేళ్లలో పుల్లింగ్ తేడా కాలికి నిజంగా తెలిసింది ఆ రోజే.

నూనె ఫిల్టర్ మీద కోపం వేరే ఉంది. మొదటిసారి కడిగినప్పుడు నూనె కాస్త ఎక్కువ పట్టించాను. అది గాలి కొలిచే సెన్సర్‌కు అంటుకుని చెక్ లైట్ వెలిగింది. సెన్సర్ క్లీనర్ కొట్టాక పోయింది. అది నా చేతి పొరపాటు, ఒప్పుకుంటాను. కానీ హోస్ విప్పిన రోజు ఫిల్టర్ తర్వాతి పైపులో వేలు పెట్టి తీస్తే గరగరలాడే దుమ్ము వచ్చింది. ఫిల్టర్ దాటాక అక్కడ ఏమీ ఉండకూడదు. ఇంజిన్ ఆయిల్ టెస్ట్ చేయిస్తే సిలికాన్ అంకె పెరిగి ఉంది, అంటే మట్టి లోపలికి పోతోంది. ఇంజిన్ లోపలి పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరగడానికి అది చాలు. నూటికి ఒక పాలు గాలి కోసం ఇదా అనిపించింది. పాత డబ్బా, పేపర్ ఫిల్టర్ తిరిగి వేశాను, గేజి దాని పైపుకు మార్చాను.

నా బండి సగం రోజులు క్వారీ మట్టిలో తిరుగుతుంది. ఎప్పుడూ తారు రోడ్డు మీదే ఉండి, డీజిల్ ఎక్కువ పోసేలా ట్యూనింగ్ చేయించుకున్నవాళ్లకు లెక్క మారవచ్చు. వాళ్లకు నిజంగానే ఎక్కువ గాలి కావాలి. కిట్ డబ్బా మూత గట్టిగా పడుతుంది, ఇంజిన్ వేడిగాలి కాకుండా బయటి గాలే లాగుతుంది. ఆ విషయంలో కిట్‌ను తప్పుపట్టలేను. ఎవరైనా అడిగితే మాత్రం ముందు సబ్బు నీళ్లు చల్లి చూసుకోమంటున్నాను.

నిన్న గేజి 15 చూపించింది. నాతో మార్చి మార్చి నడిపే డ్రైవరు అలవాటుకొద్దీ ఫిల్టర్ తీసి గాలి కొట్టబోయాడు. గాలి కొడితే పేపర్‌కు చిల్లులు పడతాయి, 25 దగ్గరికి వస్తే కొత్తది వేద్దాం, లోపల పెట్టెయ్యమన్నాను. నా వంక అదోలా చూశాడు.